రెండు మహానగరాల మాంసపు విందు

న్యూయార్కు వారికీ చికాగో వారికీ మధ్య ఎడతెగని తగవులు కొన్ని ఉన్నవి. ఆకాశహర్మ్యము ఎవరి ఊరి సొత్తు అన్నది ఒకటి. పిజ్జా పలుచగా ఉండవలెనా, మందముగా ఉండవలెనా అన్నది మరొకటి. మూడవది స్టేక్‌హౌస్ తగవు. పశుమాంసపు మందపాటి ముక్కను తీవ్రమైన సెగ మీద కాల్చి, పక్కన కాస్త పాలకూర, ఒక బంగాళాదుంప పెట్టి, మన నెల కిరాణా ఖర్చును ఒక్క పూట బిల్లులో వ్రాసి ఇచ్చే భోజనశాలకు అక్కడ స్టేక్‌హౌస్ అని పేరు. ఆ శాలలు ఏ ఊరివి మేలు అన్న విషయమై ఉభయ నగరాల పత్రికలలో వెలువడిన వ్యాసాలను ప్రోగు చేస్తే ఒక ఉద్గ్రంథము కాగలదు. నేను చదివినంతలో దాదాపు అందరి తీర్పూ నాలుక మీదనే ఆధారపడి ఉన్నది. నా అభ్యంతరము అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. ఈ మాంసము మన పాఠకులలో అనేకులకు నిషిద్ధము. పెద్దకూర పేరిట ఇంట వండుకొనే వారికి, హైదరాబాదులో కళ్యాణీ బిర్యానీ ఎరిగిన వారికి ఇది వింత కాదు. ఆ ధర్మాధర్మ విచారణ ఇక్కడ ఎత్తుకొనడము లేదు. రెండు నగరాలలోనూ ఆ బల్లల ముందు కూర్చుండి తిన్నవాడను గనుక, తిన్న తరువాత తోచినది చెబుతున్నాను.

న్యూయార్కులో ఈ భోజనము శాలగా స్థిరపడక పూర్వము సంబరముగా ఉండేది. పంతొమ్మిదవ శతాబ్దిలో రాజకీయ పక్షాల వారు, వృత్తి సంఘాల వారు ‘బీఫ్‌స్టేక్’ అనే పేరుతోనే విందులు జరిపేవారు. వచ్చిన వారంతా మగవారే. తెల్లని ఏప్రన్లు కట్టుకొని, పెట్టెల మీద కూర్చుండి, కత్తీ ముల్లూ లేకుండా, వెన్నలో తడిసిన మాంసపు తునకలను చేతితో తిని బీరు త్రాగేవారు. చేతితో తినే జాతులను చూచి ముక్కు విరిచే పెద్దమనుషులు ఆ ఒక్క రాత్రికి మన పంక్తిలో చేరిపోయేవారన్నమాట! 1920లో స్త్రీలకు దేశమంతటా వోటు హక్కు వచ్చినది. వోటు ఉన్నవారిని విందుకు పిలువక తప్పదు గదా. స్త్రీలు వచ్చిన పిమ్మట కత్తులూ ముళ్ళూ వచ్చినవి, వాద్యబృందాలూ వచ్చినవి. జోసెఫ్ మిచెల్ అనే రచయిత 1939లో ‘న్యూయార్కర్’ పత్రికలో ఈ సంబరము క్షీణించిన వైనమును చమత్కారముగా వ్రాసినాడు. రచన గొప్పది, ఆ పాత రోజుల కొరకు పడిన బెంగలో మాత్రము నేను పాలు పంచుకొనలేను. 1885లో వెలసిన కీన్స్ అనే శాలలో పైకప్పు నిండా పొడవాటి మట్టి చిలుములు ఈనాటికీ వేలాడుతూ ఉన్నవి. ఒకప్పుడు అక్కడ ఆడవారికి ప్రవేశము లేదు. లిల్లీ లాంగ్‌ట్రీ అనే ప్రసిద్ధ నటి 1905లో వ్యాజ్యము వేసి గెలిచి లోపల కాలు పెట్టినది.

ఆ నగరపు శాలలలో అగ్రతాంబూలము అందుకొనేది బ్రూక్లిన్‌లోని పీటర్ లూగర్. 1887లో జర్మను వలసవారి పేటలో, బిలియర్డ్స్ బల్లలతో సహా ప్రారంభమైన చోటు అది. యజమాని మరణించిన తరువాత కొన్నేళ్ళకు వేలానికి వచ్చినది. ఎదురుగా లోహపు సామాను ఫ్యాక్టరీ నడుపుతూ రోజూ అక్కడే భోజనము చేసే సాల్ ఫోర్మన్ 1950లో స్వల్పమైన ధరకు పాడుకొన్నాడు. మాంసమును ఎంచడము ఎవరికి తెలుసును? ఆయన భార్య మార్షా, పదవీ విరమణ చేసిన ప్రభుత్వ తరగతి నిర్ణేత నొకనిని వెంటబెట్టుకొని, మాంసపు అంగళ్ళు తిరిగి, కొవ్వు గీతలను చదవడము నేర్చుకొన్నది. ఆ ఎంపిక విద్య ఆ కుటుంబపు ఆడవారి చేతిలోనే తరతరాలుగా నిలిచినది. స్టేక్‌హౌస్ మగవారి రాజ్యమని మీసము దువ్వే వారు ఈ సంగతిని కాస్త గుర్తుంచుకొనవలెను. 2019లో ‘న్యూయార్కు టైమ్స్’ విమర్శకుడు పీట్ వెల్స్ ఆ శాలకు ఒక్క నక్షత్రము కూడ ఇవ్వకుండ సమీక్ష వ్రాసినప్పుడు, ఊరిలో సగము మంది ఇంటి పెద్దను తిట్టినట్లు కోపగించినారు. తక్కిన సగము ఇన్నాళ్ళకు ఒకడు నిజము చెప్పినాడన్నారు. ఒక హోటలు మీద ఒక ఊరు ఇట్లా చీలగలదంటే అది హోటలు మాత్రమే కాదని తెలుస్తున్నది.

న్యూయార్కు విద్య అసలు మాగబెట్టడములో ఉన్నది. మంచి జాతి ముక్కను ఎముకతో సహా చల్లని గదిలో, గాలి ఆడే అరల మీద, మూడు నాలుగు వారాలు ఉంచుతారు. నీరు ఆరుతుంది, తూకము తగ్గుతుంది. లోపలి నారలను మాంసములోని ఎంజైములే మెల్లగా విడదీస్తవి. పైన నల్లగా గట్టిపడిన పొరను కోసి పారవేయవలెను. కొన్న తూకములో చాల భాగము పళ్ళెము దాకా రానే రాదు. ఆ గదిని చూచినప్పుడు నాకు మా ఇంటి అటక గుర్తు వచ్చినది. నూజివీడు రసాలను గడ్డిలో మాగవేసి, మా మేనత్త రోజూ వాటిని వేలితో తడిమి, ఇవాళ ఇది, రేపు అది అని ఏరేది. ఒకరోజు ముందైతే పులుపు. ఒకరోజు ఆలస్యమైతే కుళ్ళు. మాంసము కూడ అంతే. సిద్ధమైన ముక్కలో వేయించిన పప్పుల కమ్మదనము, పాత చీజ్ ఘాటు కలగలసి ఉంటవి. అది ప్రకృతి ఇచ్చినది కాదు. ఒకరి ఓపిక ఇచ్చినది. ఈ విషయములో న్యూయార్కుకు నేను నమస్కరిస్తున్నాను.

అయితే న్యూయార్కు తినడమే గాని కోయడము ఎరుగని ఊరని అనుకొనడము పొరపాటు. ఐక్యరాజ్య సమితి భవనము నేడు నిలిచి ఉన్న ఈస్ట్ నది ఒడ్డు ఒకప్పుడు కబేళాల వరుస. జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్ 1946లో ఇచ్చిన 85 లక్షల డాలర్లతో ఆ నేల సమితికి దక్కినది. ప్రపంచ శాంతి ఉపన్యాసాలు ఆ నేల మీదనే జరుగుతున్నవి. ఆ చుట్టుపట్ల రెండవ, మూడవ ఎవెన్యూలలో స్టేక్ శాలలు బారులు తీరినవంటే అది కాకతాళీయము కాదు. 1926లో పామ్ అనే శాలను తెరిచిన ఇద్దరు ఇటలీ వారు, ఎవరైనా స్టేక్ అడిగితే సమీపములోని మాంసపు దుకాణానికి పరుగెత్తి కొనితెచ్చి కాల్చేవారని చెబుతారు. తమ ఊరు పార్మా పేరు పెట్టబోతే, ఉచ్చారణ అర్థముకాని గుమాస్తా పామ్ అని వ్రాసుకొన్నాడట. పడమటి వైపున గాన్స్‌వోర్ట్ ప్రాంతములో కూడ 1900 నాటికి వందలకొద్దీ మాంసపు కొట్లు, కబేళాలు ఉండేవి. 1868 నాటి ఓల్డ్ హోమ్‌స్టెడ్ శాల వాటి పొరుగునే పుట్టినది. నేడు అక్కడ ఖరీదైన దుస్తుల దుకాణాలు, 2015లో వచ్చి చేరిన విట్నీ చిత్రశాల. పేట పేరు మాత్రము ఇంకను ‘మీట్‌ప్యాకింగ్ డిస్ట్రిక్ట్’. నెత్తురు కడిగివేసి పేరు ఉంచుకొన్నారు.

ఇక చికాగో. 1865 క్రిస్మస్ నాడు ఆ నగరపు దక్షిణ భాగములో యూనియన్ స్టాక్‌యార్డు తెరిచినారు. మన సంతల పశువుల దొడ్డిని ఊహించుకొని దానిని ఒక పట్టణమంత చేస్తే అది. పడమటి మైదానాల నుండి రైళ్ళలో పశువులు వచ్చేవి. అక్కడే బేరము, అక్కడే కోత. 1920ల నాటికి ఏడాదికి కోటికి పైగా పశువులు, పందులు, గొర్రెలు ఆ దొడ్డి గుండా పోయేవి. సుమారు 40 వేల మందికి అదే జీవనాధారము. గస్టావస్ స్విఫ్ట్ అనే వర్తకుడు ఒక చిన్న లెక్క వేసినాడు. బ్రతికిన పశువును న్యూయార్కుకు పంపితే, తినడానికి పనికిరాని దాదాపు సగము బరువుకు కూడ రైలు కిరాయి కట్టవలసి వస్తున్నది. ఇక్కడే కోసి, మంచుపెట్టెల బండ్లలో మాంసమును మాత్రమే పంపితే? రైలు కంపెనీలు ఎదురు తిరిగినవి, తూర్పు నగరాల కసాయిలు ఎదురు తిరిగినారు. స్విఫ్ట్ తన బండ్లను తానే కట్టించుకొని నెగ్గినాడు. అటు పిమ్మట న్యూయార్కు వాని పళ్ళెములోని ముక్క చికాగో వాని కత్తి దాటి రావలసినదే.

ఆ కత్తి పట్టిన వారి స్థితి ఎట్టిది? పశువు కళేబరము తలపై కమ్మీకి వ్రేలాడుతూ కదులుతుంటే, ఒక్కొక్క మనిషి ఒక్కొక్క కోతను, అదే కోతను, రోజంతా కోసేవాడు. తన మోటారు ఫ్యాక్టరీకి ఆ కమ్మీ నుండియే ఊహ తీసుకొన్నట్లు హెన్రీ ఫోర్డు 1922లో తన పుస్తకములో ఒప్పుకొన్నాడు. అప్టన్ సింక్లెయిర్ 1906లో ‘ది జంగిల్’ నవల వ్రాసినది ఈ కార్మికుల కొరకే. లిథువేనియా నుండి వచ్చిన ఒక కుటుంబము ఆ దొడ్డి చుట్టూ ఎట్లా నలిగిపోయినదో చెప్పడము ఆయన ఉద్దేశము. చదివిన వారు ఏమి చేసినారు? తమ సాసేజ్‌లో ఏమి కలుస్తున్నదో అని హడలిపోయినారు. అదే ఏడాది మాంస తనిఖీ చట్టము వచ్చినది. మాంసానికి ముద్ర పడినది. కార్మికునికి ఏమీ రాలేదు. తాను హృదయానికి గురిపెడితే దెబ్బ పొట్టకు తగిలినదని సింక్లెయిర్ తరువాత వాపోయినాడు. నాలుకతో తీర్పు చెప్పే వ్యాసాలను చూచినప్పుడల్లా నాకు ఆయన జ్ఞాపకము వస్తాడు.

కార్మికులకు మేలు జరిగినది వారి చేతుల మీదుగానే. 1943లో ఏర్పడిన మాంస పరిశ్రమ కార్మిక సంఘము నల్లవారినీ తెల్లవారినీ ఒక్క పంక్తిలో నిలిపినది, కూలి పెంచినది. చికాగో స్టేక్ శాలల మంచి రోజులు కూడ ఇంచుమించు ఆ కాలానివే. జీన్ అండ్ జార్జెటీ 1941లో, ఎత్తు రైలు పట్టాల నీడలో మొదలైనది. యజమానులు ఇటలీలోని టస్కనీ వారు. దొడ్డి అంచుననే స్టాక్‌యార్డ్ ఇన్ అనే బస ఉండేది. అందులో సర్లాయిన్ రూమ్ అనే శాలకు పశువుల వర్తకులు, రైతులు వచ్చేవారు. మంచు మీద పేర్చిన ముక్కలలో తమకు కావలసినది ఏరుకొని, ఎర్రగా కాల్చిన ఇనుముతో దాని మీద తమ గుర్తు వేసుకొనేవారు. ఉదయము పశువుకు వేసిన ముద్రను సాయంత్రము ముక్కకు వేయడము కొందరికి మోటుగా తోచవచ్చును. ముక్కకూ పశువుకూ ఉన్న చుట్టరికమును దాచని భోజనశాల అది ఒక్కటే అని నాకు తోస్తుంది.

ఆ బసను 1970లలో పడగొట్టినారు. అప్పటికే దొడ్డి లేదు. 1950లలోనే పెద్ద కంపెనీలు చికాగోలో కోత మానుకోసాగినవి. అయోవాలో 1960లో పుట్టిన ఐబీపీ అనే కంపెనీ పశువులు మేసే చోటనే కబేళాలు కట్టి, 1967 నుండి మాంసమును ముక్కలుగా కోసి, గాలి తీసిన ప్లాస్టిక్ సంచులలో పెట్టి, అట్టపెట్టెలలో దేశమంతటికీ పంపసాగినది. స్విఫ్ట్ న్యూయార్కు కసాయికి చేసినదే ఐబీపీ స్విఫ్ట్‌కు చేసినదని చెప్పవచ్చును. 1971లో యూనియన్ స్టాక్‌యార్డు మూతపడినది. పని కాన్సాస్, నెబ్రాస్కాల చిన్న ఊళ్ళకు పోయినది. సంఘము బలము తగ్గినది. కూలి కూడ తగ్గినది. నేడు దేశములో కోసే మేలి పశువులలో నూటికి 85 వంతులు నాలుగు కంపెనీల చేతిలో ఉన్నవి. కత్తి పట్టేవారు గ్వాటెమాలా, సోమాలియా, బర్మా వంటి దేశాల నుండి వచ్చినవారు. 2020లో కరోనా ఆ కబేళాలలో వ్యాపించినప్పుడు, ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ మాంసపు ఫ్యాక్టరీలు నడవవలసినదేనని ఉత్తర్వు వెలువరించినాడు. పొట్టకు దెబ్బ తగలరాదు గదా!

అందువలన ఈనాడు రెండు నగరాల శాలలకూ మాంసము వచ్చే దారి ఇంచుమించు ఒక్కటే. మిగిలిన భేదము వాడుకలలో ఉన్నది. మాగబెట్టే గది న్యూయార్కుకు గర్వకారణము. చికాగోలోనూ కొందరు అది చేస్తున్నారు గాని, అక్కడి పేరుపడిన శాలలలో చాలమటుకు సంచిలోనే మాగిన మాంసమును వాడి, పైన గట్టిగా మాడ్చి, పెద్ద పళ్ళెములో పెద్ద ముక్క పెడతారు. వడ్డనలో చికాగో చేయి ధారాళము. సర్వరు మన పెళ్ళి పందిట్లో వడ్డించే పెదనాన్న వలె, చాలునన్నా వినడు. న్యూయార్కు సర్వరు తెల్ల ఏప్రను కట్టుకొని, ఎన్ని తరాల బాకీయో ఉన్నట్లు ముఖము పెడతాడు. అదియే అక్కడి మర్యాద అంటారు. నాలుక మాట అడిగితే నా వోటు న్యూయార్కుకే. కాని చికాగోలో ఒక ఆచారము ఉన్నది. ఆర్డరు తీసుకొనక ముందు పచ్చి ముక్కలను పళ్ళెములో తెచ్చి, ఇది ఫలానా భాగము, ఇది ఫలానా భాగము అని చూపుతారు. 1978లో ప్రారంభమై దేశమంతా వ్యాపించిన మార్టన్స్ దీనిని ఒక నాటకము చేసినది. 1989లో రష్ వీధిలో తెరిచిన గిబ్సన్స్‌లో కూడ ఇది చూడవచ్చును. తిండికి ముందు పచ్చి మాంసము చూపడమేమిటని న్యూయార్కు మిత్రులు నవ్వుతారు. బేరగాళ్ళు దొడ్డిలో పశువును చూచి గాని ధర చెప్పని ఊరికి అది సహజమైన అలవాటని నా ఊహ.

మా మేనల్లుడు చికాగో శివారున నేపర్‌విల్‌లో ఉంటాడు. విందుకు పోయే ముందు ఆ దొడ్డి ఉండిన చోటు చూపమన్నాను. “ఇంత దూరము వచ్చి రాతి గుమ్మము చూడటానికా, మామయ్యా?” అన్నాడు. నిజమే, మిగిలినది సున్నపురాతి ద్వారము ఒక్కటే. నడిమి కమాను నెత్తిన ఒక ఎద్దు తల చెక్కి ఉన్నది. వెనుక, 1910 నాటి అగ్నిప్రమాదములో మరణించిన 21 మంది అగ్నిమాపక సిబ్బందిని తలచుకొనే స్మారకము. లోపలి వైపు గిడ్డంగులు, లారీలు. అక్కడి నుండి నగరములోకి వస్తూ ఫుల్టన్ మార్కెట్ మీదుగా పోయినాము. అది కూడ ఒకప్పటి మాంసపు పేటయే. పాత శీతల గిడ్డంగిని గూగుల్ కార్యాలయముగా మార్చిన భవనములో 2015లో ఒక స్టేక్ శాల పెట్టినారు; పేరు ‘స్విఫ్ట్ అండ్ సన్స్’. సేటు పేరు బోర్డు ఎక్కినది. అతని కొట్టములో కత్తి పట్టినవారి పేర భోజనశాల ఏదైనా ఉన్నదేమో నాకు కనబడలేదు.

మేము కూర్చున్నది అక్కడ కాదు, ఇంకొక చోట. అంతకు వారము ముందు న్యూయార్కులో ఒక మిత్రుడు విందు ఇచ్చినప్పుడు, ఈ మాంసము ఎక్కడిదని సర్వరును అడిగి ఉన్నాను. “మా కింది గదిలోదండీ, ఇరవై ఎనిమిది రోజులది” అని గర్వముగా చెప్పినాడు. దానికి ముందు అది ఎక్కడ ఉండినదో ఆయనకు పట్టలేదు. అంతకు మించి నేనూ అడుగలేదు. చికాగోలో సర్వరు పచ్చి ముక్కల పళ్ళెము తెచ్చి నిలబడగానే అదే ప్రశ్న వేసినాను. అరవై ఏళ్ళ మనిషి. “నెబ్రాస్కా నుండి వచ్చినది. మా తాత రోజులలో అయితే ఇక్కడిదే,” అని పటకారుతో దక్షిణపు గోడ వైపు చూపినాడు.

మీ తాతగారు అక్కడ ఏమి చేసేవారని మా మేనల్లుడు అడిగినాడు.

“చర్మము ఒలిచేవాడు. ముప్పై ఏళ్ళు, ఎడమవైపు మాత్రమే” అని చెప్పి, ముక్క ఎంతమేర కాలవలెనో చెప్పమన్నాడు.